మిషనా, కత్తెరా?

బుధవారం సాయంత్రానికి తిరుపతిరావు కాళ్ళు బాగా పొంగిపోయాయి. అరుగు మీద కూర్చుని, మోకాలి కింద బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. గుంట పడింది. అది పూడడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామన్నట్టు అలాగే వంగి ఉండిపోయాడు. పూడకముందే పక్కన ఇంకొకటి నొక్కాడు.

స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చిన కొడుకు రవిశంకర్ బండికి స్టాండు వేస్తూ అది చూశాడు. చూసినట్టు కనబడనివ్వకుండా చెప్పులు విప్పి, గోలెంలో చెంబు ముంచి కాళ్ళు కడుక్కున్నాడు.

మంగళవారం తండ్రి డయాలసిస్‌కి వెళ్ళలేదు. ఆ ఊళ్ళో దాన్ని డయాలసిస్ అని ఎవరూ అనరు. మిషను అంటారు. మిషనుకెళ్ళడం, మిషనెక్కడం, మిషను దిగడం. మంగళ, గురు, శనివారాలు పవన్ ఆటో ఊళ్ళోని కిడ్నీ రోగులను ఒక్కొక్కరినే ఎక్కించుకుని, పూండి మీదుగా పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి, పొద్దుగూకే వేళకి మళ్ళీ దించుతుంది. మంగళవారం ఆటో వచ్చి హారను కొడితే, "నాను రాన్రా, ఎల్లిపోండి" అని తిరుపతిరావు లోపలి నుంచే కేకేశాడు. ఇంకో రెండుసార్లు హారను కొట్టి పవన్ వెళ్ళిపోయాడు.

సత్యవేణి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి భర్త పక్కన కూర్చుంది. రోజూలాగే అతని ఎడమచేయి అందుకుంది. మిషను సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన నరం ఆ చేతి మీద తాడులా ఉబ్బి ఉంటుంది. దాని మీద అరచెయ్యి ఆనిస్తే, లోపల తేనెటీగను మూసిపెట్టినట్టు సన్నగా రుయ్యిమని అదురుతుంది. ఆ అదురు ఉందో లేదో పొద్దునా సాయంత్రమూ చూసుకోమని నర్సు చెప్పింది. ఇంట్లో దీపం పెట్టడం మరిచినా సత్యవేణి అది మరవలేదు.

"ఉంది" అంది, ఎవరితోనూ కాకుండా.

"ఉండక ఎక్కడికి పోద్ది" అన్నాడు తిరుపతిరావు.

రవిశంకర్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు. "రేపు ఎల్లాల నానా."

"ఎల్లి?"

"ఎల్లి ఏటి. నీరు తీస్తారు."

"తీసి పంపిస్తారు. ఎల్లుండికి మళ్ళీ ఊరుద్ది. మళ్ళీ తీస్తారు. బోరు మోటారు కాడ కాపలా ఉజ్జోగం అయిపోనాది నాది." తిరుపతిరావు కాలు మార్చి పెట్టుకున్నాడు. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి ఆగి, అందుకుంటోంది. "నీరు తీసీ పనే గాని, తోటకి నీరు కట్టీ పని కాదు. ఎవులికి లాభం?"

సత్యవేణి చెయ్యి వదల్లేదు. ఆమె అనాల్సినవన్నీ మంగళవారమే అనేసింది.

తిరుపతిరావు కొడుకును కాసేపు చూశాడు. "అటు తిరుగు."

"ఎందుకు?"

"తిరుగురా బావూ."

రవిశంకర్ తల తిప్పాడు.

"ఎవుడు సేసినాడీ కటింగు? కూర్మయ్యేనా?"

"ఎప్పుడూ ఆయనే కదా."

"కూర్మయ్యకి పక్కనున్న మనిసే ఆనడం నేదు. ఒక సెవి మీద గట్టు, ఒక సెవి మీద పల్లం. ఈ తలకాయేసుకుని ఆదివారం నౌపడ ఎల్లి పిల్లని సూత్తావా? ఆ పిల్ల బ్యాంకులో పని సేత్తంది. నోట్లు లెక్కెట్టీ కళ్ళు. నీ సెవులు లెక్కెట్టదేటి?"

సత్యవేణి నవ్వింది. మంగళవారం నుంచి ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే.

"కాశీబుగ్గలో అద్దాల షాపు పెట్టినారట. లోనకెల్తే సల్లగుంటదట. పవన్ సెప్పినాడు" అన్నాడు తిరుపతిరావు. "రేపు అక్కడికెల్లి సేయించుకో."

"వద్దు నానా. అక్కడ కూర్మయ్య తీసుకునేదానికి ఏ ఆరింతలో. జుత్తే కదా. ఎంత పోసి కత్తిరించినా మళ్ళీ పెరుగుద్ది."

"నానూ అదే అంతన్నాను" అన్నాడు తండ్రి.

పక్కింటి జోగమ్మ జీడిపిక్కలు ఎండలోంచి ఎత్తి గోనెలో పోస్తున్న చప్పుడు వినబడుతోంది.

తిరుపతిరావే మళ్ళీ అందుకున్నాడు. "సూడు. నా మూలాన ఈ ఇంట్లో అందరూ అన్నీ మానీసినారు. మీ యమ్మ కోక కొనదు. నువ్వు సొక్కా కుట్టించవు. ఆ మిషను మీద పడుకుంటే నాకు ఇవే కనపడతాయి. నువ్వు ఆ షాపుకెల్లు, నాను మిషనుకెల్తాను. నువ్వు ఎల్లవా, నానూ ఎల్లను."

"నిజంగానా?"

"నాను అబద్దం ఎప్పుడాడినాను?"

"రేపొక్క రోజుకేనా?"

"రేపటికి రేపు. శనారం సంగతి శనారం."

నడుం దగ్గర లుంగీ మడత విప్పి, కొబ్బరికాయల వాళ్ళు ఇచ్చిన నోట్లలోంచి రెండు తీసి కొడుకు చేతిలో పెట్టాడు. రవిశంకర్ పుచ్చుకున్నాడు. తండ్రి కాళ్ళ మీది గుంటలు అప్పటికీ పూడలేదు.

గురువారం పదకొండు దాటాక ఆటో వచ్చింది. తిరుపతిరావు మాట తప్పలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆటో కమ్మీ పట్టుకుని ఒక్కొక్క కాలే ఎత్తి పెట్టుకుని ఎక్కాడు. మిషను దగ్గర కప్పుకునే దుప్పటి సంచీ సత్యవేణి అందించింది. ఈ సంగతి ఆమె ఫోన్ చేసి చెబితే, మధ్యాహ్నం బడిలో పిల్లలకు గుణింతాలు దిద్దిస్తున్న రవిశంకర్ చాక్‌పీసు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తర్వాత వచ్చి మళ్ళీ దిద్దించాడు.

బడి వదిలాక తిన్నగా కాశీబుగ్గ వెళ్ళాడు. మాట ప్రకారమే వెళ్ళాడు. షాపు బజారులోనే ఉంది. గాజు తలుపు, దాని మీద గడ్డం నున్నగా దిద్దిన ఎవరో కుర్రాడి బొమ్మ. లోపల నల్ల కుర్చీలు వెనక్కి వాలి ఉన్నాయి. ఒకాయన తల వెనక్కి పెట్టి కళ్ళు మూసుకుంటే, ఇంకొకతను నురగతో ఆ తల రుద్దుతున్నాడు. తలుపు పక్కనే ధరల పట్టిక వేలాడదీశారు. రవిశంకర్ దాన్ని పైనుంచి కిందికి చదివాడు, కింది నుంచి పైకి చదివాడు.

తలుపు తీసి ఒకతను, "రండి సార్, ఎక్కువమంది లేరు" అన్నాడు.

"వస్తాను" అన్నాడు రవిశంకర్. బండి దగ్గరికి నడిచి హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఈ రెండు నోట్లూ ఆటోకి వస్తాయి. కొంచెం శుభ్రంగా కత్తిరించే మనిషి దొరికితే చాలు, నాన్న వచ్చి షాపులో ఆరా తీస్తాడా ఏమిటి. చెవులు రెండూ సమంగా ఉంటే సరి. దారంతా ఇలా తనకు తానే నచ్చజెప్పుకుంటూ పూండి దాకా వచ్చాడు. స్టేషన్ రోడ్డులో కొత్తగా తెరిచిన చిన్న షాపు కనిపించింది. ఒక్క కుర్చీ, ఒక్క అద్దం, తలుపుకి మామిడాకుల తోరణం ఇంకా ఎండిపోలేదు.

షాపు సాయికుమార్‌ది. పాతికేళ్ళుంటాయి. "రండి మాస్టారూ, విశాఖలో నేర్చుకొచ్చినాను" అని, అడక్కుండానే చెప్పాడు. కుర్చీ దులిపాడు. తెల్లగుడ్డ విదిలించి మెడచుట్టూ కప్పి, వెనక ముడి బిగించకుండా వేలు దూరేంత వదిలి కట్టాడు. జుట్టు మీద నీళ్ళు చిలకరించి, దువ్వెనతో పైకి లేపి, తల అటూ ఇటూ వంచి చూశాడు. కూర్మయ్య చేసిన పని చూసి పెదవి విరిచాడు గాని, ఎవరిదని అడగలేదు. రవిశంకర్‌కి ఆ మర్యాద నచ్చింది.

"మిషనా, కత్తెరా మాస్టారూ?"

"ఏది తొందరగా అవుతుంది?"

"మిషనే."

"అయితే మిషనే."

కరెంటు లేదు. చార్జింగు ఉందన్నాడు సాయికుమార్. మిషను మూతికి ప్లాస్టిక్ పళ్ళచట్రం ఒకటి తొడిగి, మెడ దగ్గర పెట్టి పైకి తోశాడు. గుయ్యిమని చప్పుడుతో చల్లగా పాకుతుంటే రవిశంకర్ కళ్ళు మూసుకున్నాడు. ఈపాటికి నాన్న చేతి పక్కన కూడా ఇలాగే ఒక మిషను తిరుగుతూ ఉంటుంది. ఒక గంట తర్వాత కాళ్ళు కాళ్ళలా ఉంటాయి. రాత్రికి పడుకోగలడు.

చప్పుడు మారింది. గుయ్యిమనేది గుర్రుమంది, దగ్గింది. జుట్టు పట్టుకుని వదలడం లేదు. సాయికుమార్ వదిలిద్దామని లాగాడు. పళ్ళచట్రం ఊడి జుట్టులోనే ఉండిపోయింది. చివరి ఊపిరితో మిషను ఇంకొక్క జానెడు పైకి పాకి, ఆగిపోయింది.

అద్దంలో రవిశంకర్‌కి తన తల మామూలుగానే కనిపించింది. సాయికుమార్ మొహం మాత్రం మామూలుగా లేదు.

"ఏమయింది?"

అతను చేతి అద్దం తీసి వెనకాల పట్టాడు. మెడ నుంచి నడినెత్తి దాకా, గడ్డి చెక్కేసిన చాలులా, తెల్లటి బాట.

రవిశంకర్ దాన్ని కొంతసేపు చూశాడు. "దీన్ని ఏమైనా చెయ్యగలవా?"

"దాన్నేటీ సెయ్యనేను మాస్టారూ. సుట్టూ ఉన్నదాన్ని సెయ్యాల." సాయికుమార్ గొంతు దాదాపు ఏడుపు. "గుండే గీయాల."

చీకటి పడేలోగా ఇంటికి చేరనని అర్థమై, రవిశంకర్ గుడ్డ కింది నుంచి చెయ్యి తీసి తల్లికి ఫోన్ చేశాడు. అదే సమయానికి స్టేషన్లో గూడ్సు కదులుతోంది.

"అమ్మా, మిషను సగంలో ఆగిపోయింది."

"ఏటీ?"

"మిషను. మిషను ఆగిపోయిందమ్మా. ఇంకేటీ సెయ్యనేరట. ఆలీసమవుద్ది. నాను వచ్చి సెప్తాను, కంగారు పడకు."

అటునుంచి తల్లి ఏదో అంది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి దడదడమంటూ పోయాయి. అవి పోయేసరికి ఫోన్ కట్ అయి ఉంది. విషయం చెప్పాను కదా అనుకుని జేబులో పెట్టుకున్నాడు.

సాయికుమార్ కత్తికి కొత్త బ్లేడు వేశాడు. వేసి, ఆగాడు. "మాస్టారూ, మీ నాన్నగారు ఉన్నారా?"

"ఉన్నారు."

కత్తి కింద పెట్టేశాడు. "అయితే నాను గీయను. తండ్రి ఉండగా ఊరికినే గుండు గీయకూడదు. మా నానకి తెలిత్తే షాపు మూయించేత్తాడు."

"సగం తలతో పంపిస్తావా మరి?"

"అలగని కాదు. మొక్కని సెప్పండి. ఏ సామికైనా సరే, పేరు సెప్పండి. అప్పుడు దోసం నేదు."

రవిశంకర్‌కి అలాంటివి పెద్దగా పట్టింపు లేదు. కాని పేరు అడిగితే వెంటనే ఒకటి నోటికొచ్చింది. టెక్కలి పక్క రావివలసలో పైకప్పు లేకుండా ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉండే దేవుడు. చిన్నప్పుడు కార్తీకమాసంలో తండ్రి భుజాల మీద కూర్చుని ఆ జనంలోంచి చూశాడు.

"ఎండల మల్లన్నకి" అన్నాడు.

సాయికుమార్ కుర్చీని తూర్పుకి తిప్పాడు. కత్తిని కళ్ళకద్దుకుని, నెత్తి మధ్య నుంచి ముందుకు గీయడం మొదలుపెట్టాడు. మీసం దగ్గరికి వచ్చి ఆగాడు. "మీసం ముట్టను మాస్టారూ. అది తీత్తే సావు గుండయిపోద్ది." అంతా అయ్యాక గూట్లోంచి గంధం పొట్లం విప్పి, నీళ్ళతో కలిపి, తల నిండా దట్టంగా పులిమాడు. "ఇది సెరపకండి. ఇది నేకపోతే ఎవులో పోనారనుకుంటారు."

డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎంత చెప్పినా తీసుకోలేదు.

రవిశంకర్ బయటికొచ్చి, గంధం మీదే హెల్మెట్ పెట్టుకున్నాడు. జుట్టు లేని తలకి అది వదులై, గతుకు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ తిరుగుతోంది. ఊరు చేరేసరికి చెమటా గంధమూ కలిసి మెడ మీదికి కారాయి. మిగిలినది లోపలి గుడ్డ పీల్చుకుంది.

ఇంటి గేటు దగ్గర తల్లి నిలబడి ఉంది. పక్కన జోగమ్మ. రోడ్డుకి ఆపక్క ఇంకొందరు ఆడవాళ్ళు. ఆటో ఇంకా వచ్చినట్టు లేదు. వాళ్ళు ఆటో కోసమే చూస్తున్నారనుకున్నాడు. బండి ఆపి, హెల్మెట్ తీశాడు.

సత్యవేణి అతని తల చూసింది. ఏడవలేదు, అరవలేదు. గేటు చువ్వ పట్టుకుని మెల్లగా, కూరలు తరగడానికి కూర్చున్నట్టు, నేల మీద కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూడసాగింది.

"అమ్మా, అది కాదు..." అన్నాడు రవిశంకర్.

అప్పుడు జోగమ్మ ఎత్తుకుంది. "ఓలమ్మో, ఓలమ్మో సత్తేణీ, మిషను మీదే ఎల్లిపోనాడే నాయనా. నిన్న అరుగు మీద కూకుని నవ్వినోడే. తోటలో సెట్లన్నీ తిరుపతీ తిరుపతీ అని పిలిస్తే ఎవులు పలుకుతారే నా తండ్రీ." రాగం పొడుగ్గా సాగింది. దాని వెనక రెండు మూడు గొంతులు కలిశాయి.

ఏం జరుగుతోందో అర్థం కావడానికి రవిశంకర్‌కి కొంచెంసేపు పట్టింది. చేత్తో తల తడుముకున్నాడు. గంధం లేదు.

"ఎవరూ పోలేదు. కటింగు. కటింగు సేయించుకుంటే మిషను పాడయింది" అన్నాడు గట్టిగా.

"మిషను పాడయిందనే గదా బావూ, ఫోన్లో నువ్వే సెప్పినావు" అంది ఒకామె, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకేటీ సెయ్యనేరని సెప్పినావట గదా."

"అది కటింగు మిషను."

"తల్లికి ఒక్కసారిగా సెప్పలేక దాత్తన్నాడు. పాపం" అంది ఇంకొకామె.

రవిశంకర్ తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, నా మొహం సూడు. నానకి ఏటీ కాలేదు. ఉండు, మాటాడిస్తాను." తండ్రి నంబరు నొక్కాడు. ఫోన్ మోగింది. ఇంట్లో మోగింది. చార్జింగు పెట్టి, తీసుకెళ్ళడం మరిచిపోయినట్టున్నాడు. గూట్లో ఎవరూ ఎత్తకుండా మోగి మోగి ఆగింది. జోగమ్మ రాగం ఇంకొక మెట్టు ఎక్కింది.

పవన్ నంబరు చేశాడు. అందుబాటులో లేదన్నది ఫోన్. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే.

దడి వెనక నుంచి సూర్యారావు పరుగెత్తుకొచ్చాడు. తిరుపతిరావుకి సొంత తమ్ముడు. తిత్లీ తుఫానుకి గట్టు మీది కొబ్బరిచెట్లు పడిపోతే, ఆ పడిన చెట్లు ఎవరివన్న మాట మీద అన్నదమ్ములకు మాటలు లేవు. దడి ఆపక్క దగ్గినా ఈపక్క వినబడుతుంది, అయినా పలకరింపు లేదు. పరుగెత్తుకొచ్చినవాడు గేటు దాటి లోపలికి రాలేదు. గేటు స్తంభానికి నుదురు ఆనించి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది.

రవిశంకర్‌కి ఆ వీపు చూసినప్పుడు మొదటిసారి భయం వేసింది. ఆటో రావలసిన వేళ దాటిపోయింది. పవన్ ఎందుకు ఎత్తడు? మంగళవారం మానేసిన మనిషి. ఒళ్ళంతా నీరు. తను ఒక చవక కుర్చీలో కళ్ళు మూసుకున్న ఆ సమయానికే, అక్కడ నిజంగానే ఏదైనా... వీళ్ళ ఏడుపు పొరపాటు కాదేమో. పొరపాటు తనదేనేమో. తల్లి పక్కనే మట్టిలో కూర్చుండిపోయాడు. మళ్ళీ నంబరు నొక్కే ధైర్యం రాలేదు.

మలుపులో దీపం కనబడింది. ఒంటి దీపం. తర్వాత ఆటో చప్పుడు.

ఆటో గేటు ముందు ఆగింది. "రైలు గేటు కాడ టైరు పోనాది. నా ఫోనూ సచ్చింది" అంటూ పవన్ దిగాడు. వెనక నుంచి ఒక కాలు నేల మీద ఆనింది. రెండో కాలు ఆనింది. దుప్పటి సంచీ చంకలో పెట్టుకుని తిరుపతిరావు దిగాడు. గుమిగూడిన జనాన్ని చూశాడు. స్తంభం దగ్గర తమ్ముణ్ణి చూశాడు. నేల మీద పెళ్ళాన్నీ, ఆమె పక్కన గుండు కొడుకునీ చూశాడు.

మొహం పాలిపోయింది. "ఎవులు పోనారే?" అన్నాడు.

జోగమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

సత్యవేణి లేచింది. చీర దులుపుకోలేదు. నడిచి వెళ్ళి భర్త ఎడమచేయి పట్టుకుంది. సూదులు తీసిన చోట వేసిన దూదిపట్టీకి పైగా అరచెయ్యి ఆనించింది. అలా కళ్ళు మూసుకుని నిలబడింది. జనమంతా ఆ చేతినే చూస్తున్నారు.

"ఉంది" అంది.

ఆ తర్వాత, "ఎవులూ పోనేదు. బువ్వ సల్లారిపోతంది, రా" అంది.

జనం కదలడం మొదలైంది. సూర్యారావు తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరి కంటా పడకుండా దడి వైపు నడిచాడు.

"సూర్రావూ" అన్నాడు తిరుపతిరావు. సూర్యారావు ఆగాడు, వెనక్కి తిరగలేదు. "వచ్చినోడివి టీ తాగి ఎల్లు. నాను తాగకూడదు గాని, నువ్వు తాగుతుంటే సూత్తాను."

సూర్యారావు ఒక్క క్షణం అలాగే ఉండి, వచ్చి అరుగు చివర కూర్చున్నాడు.

జరిగింది రవిశంకర్ మొదటి నుంచీ చెప్పాడు. గాజు తలుపు దగ్గర నుంచి తిరిగొచ్చేసిన సంగతి కూడా దాచలేదు. రెండు నోట్లూ తీసి తండ్రి పక్కన పెట్టాడు. తిరుపతిరావు నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక దగ్గి, మళ్ళీ నవ్వాడు. "ఏవే జోగమ్మా. శవం రాకుండా గుండు ఎవుడు గీసుకుంటాడే? మీసం ఉంది గదా, అదైనా కనబడనేదా?"

"అంత ఆలోసించీ టయమేదీ బావూ" అంది జోగమ్మ, ముక్కు చీదుకుంటూ. "ముందు ఏడిసీసి, తర్వాత ఆలోసిద్దామనుకున్నాను."

"బాగానే ఏడిసినావట. నాను నిజంగా పోతే కూడా అలగే ఏడవాల. తగ్గకూడదు."

టీ గ్లాసు చేతిలో పట్టుకున్న సూర్యారావు దానిలోకే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా సూర్యారావు వెంటనే లేవలేదు.

శుక్రవారం పొద్దున్న తిరుపతిరావు కాళ్ళు సన్నబడి, చీలమండ ఎముక కనబడింది. తోటలోకి కర్ర పట్టుకుని నడిచి, రెండు చెట్లు చూసి వచ్చాడు. మధ్యాహ్నం అన్నం తింటూ సత్యవేణి కొడుకుతో నౌపడ సంగతి ఎత్తింది. గుండుతో వెళ్ళడమా, మరో వారానికి మార్చమనడమా అని.

"మొక్కని సెప్పు. అబద్దమే గాని" అన్నాడు రవిశంకర్.

"అబద్దమేటి. ఆటో సప్పుడు ఇనబడినప్పుడు నాను మొక్కీసుకున్నాను. ఎండల మల్లన్నకే" అంది సత్యవేణి, చారు వడ్డిస్తూ. "నీ జుత్తు నా మొక్కు కంటే ముందే ఎల్లిపోనాది, అంతే."

రవిశంకర్ తల వంచుకుని తిన్నాడు. అడగాల్సింది ఒకటి ఉంది. అది నోటి దాకా వస్తోంది, ఆగిపోతోంది. రేపు శనివారం.

తిరుపతిరావే అన్నాడు. "ఒప్పందం నువ్వు తప్పినావు."

"తప్పాను నానా."

"నువ్వు షాపు లోనకి ఎల్లనేదు. నాను మిషనుకి ఎల్లాను. అంటే ఇప్పుడు నాను ఎల్లకపోయినా నన్ను అడిగీ అక్కు నీకు నేదు."

"లేదు" అన్నాడు రవిశంకర్. ముద్ద చేతిలోనే ఉంది.

తిరుపతిరావు కంచం ముందు నుంచి లేచాడు. చేయి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. ఆ రాత్రి సత్యవేణి భర్త చెయ్యి పట్టి చూస్తుంటే, రవిశంకర్ గుమ్మం దగ్గర నిలబడి "ఉంది" అన్న ఆ ఒక్క మాట వినబడేదాకా ఆగాడు.

శనివారం బడికి సెలవు పెట్టి, ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ అరుగు మీద కూర్చున్నాడు. ఆటో వచ్చే వేళకి చాలా ముందే తిరుపతిరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. చంకలో దుప్పటి సంచీ ఉంది. నెలల తరబడి కత్తిరించని జుట్టు చెవుల మీదికి పడుతోంది. గడ్డం తెల్లగా, చిందరవందరగా ఉంది. ఎవరు చెప్పినా ఇన్నాళ్ళూ కూర్మయ్యని కూడా దగ్గరికి రానివ్వలేదు.

"బండి తియ్యి" అన్నాడు.

"ఆటో వస్తది కదా నానా."

"ఆటో మిషను కాడికి ఎల్తది. మనం ముందు అద్దాల షాపుకి ఎల్లాల. ఆ రెండు నోట్లూ ఉన్నాయి గదా. నీకు ఎలాగూ తల నేదు."

గాజు తలుపు తీసినప్పుడు చల్లటి గాలి మొహాన తగిలింది. ధరల పట్టిక వైపు తిరుపతిరావు చూడలేదు. కుర్చీలో కూర్చుని, దాని చేతుల మీద మెత్తగా ఉన్న చోట నొక్కి చూశాడు. గుడ్డ కప్పబోతున్న మనిషితో, "ఈ సెయ్యి మీద గట్టిగా ఏదీ పెట్టకు బావూ, ఇందులో కరెంటుంది" అన్నాడు. ఆ మనిషి ఆ చేతిని చూశాడు. అర్థమైనట్టుంది. గుడ్డను ఆ చేతి మీద నుంచి తప్పించి, వదులుగా కప్పాడు. పలాసను ఆనుకునే ఉన్న ఆ ఊళ్ళో అలాంటి చేతులు అతనికి కొత్త కావు.

కుర్చీ వెనక్కి వాల్చి, తల తొట్టిలో పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోశాడు. నురగ పట్టించి, వేళ్ళ కొసలతో కణతల నుంచి నడినెత్తికి మెల్లగా రుద్దాడు. తిరుపతిరావు నోరు కొంచెం తెరుచుకుంది. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడి విడిపోయింది. నిద్రపోయాడేమో అనుకుని రవిశంకర్ బెంచీ మీద నుంచి లేచి చూశాడు.

"పడుకోనేదు" అన్నాడు తండ్రి, కళ్ళు తెరవకుండానే. "ఈడు పుచ్చుకునీది ఎక్కువేటి కాదురా."

ఆ మనిషి తల తుడిచి కుర్చీ నిలబెట్టాడు. దువ్వి, అద్దంలో అతని మొహం చూస్తూ అడిగాడు. "మిషనా, కత్తెరా సార్?"

"కత్తెరే. మిషను నాకు మజ్జానం ఉంది."

"ఎంత తియ్యమంటారు? బాగా కురచగా కొట్టేస్తే చాలా రోజులు రానక్కర్లేదు."

తిరుపతిరావు అద్దంలో తనని చూసుకున్నాడు. తర్వాత అదే అద్దంలో, వెనక బెంచీ మీద ఉన్న గుండు కొడుకుని చూశాడు.

"వద్దు బావూ. కొద్దిగానే తియ్యి" అన్నాడు. "మళ్ళీ నెలకి వత్తాను గదా. నీకేటైనా పని ఉండాల."

కత్తెర ఆడడం మొదలైంది. తెల్లజుట్టు తుంపులు తుంపులుగా గుడ్డ మీద పడుతోంది. రవిశంకర్ తన తల మీద చెయ్యి వేసుకున్నాడు. అరచేతికి గరుకుగా తగిలింది.